పెరట్లో గునుగు: మిరుగం నుంచి సద్దుల దాకా

బతుకమ్మ తేదీ ఏటా మారుతుంది. పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబర్ 14న వస్తే, 2024లో అక్టోబర్ 2న వచ్చింది, 2025లో సెప్టెంబర్ 21కే వచ్చేసింది. మూడేళ్లలో మూడు వారాలకు పైగా తేడా. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు మాత్రం పంచాంగం చూసి పూయదు. మొలిచిన రోజు, పగటి పొడవు, నేల బలం, ఈ మూడింటిని బట్టే కంకి తీస్తుంది. చేల గెట్ల మీద వేల మొక్కలు రకరకాల వయసుల్లో ఉంటాయి కాబట్టి, పండుగ ఎప్పుడొచ్చినా కోతకొచ్చిన పువ్వు ఎక్కడో ఒకచోట దొరికేది. పెరట్లో ఒకటి రెండు మళ్లు వేసుకునేవాళ్లకు ఆ వీలు లేదు. పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టి విత్తాల్సిందే. ఆ లెక్క తేల్చుకోవడానికే హన్మకొండలోని ఈ పెరట్లో 2024 వానాకాలమంతా రాసిన డైరీ ఇది.

పెరట్లో పెంచుకోవడానికి చేలల్లో గునుగు పలచబడటం ఇంకో కారణం. మక్కలో అట్రజిన్, గెట్ల మీద గ్లైఫోసేట్ లాంటి కలుపు మందులు కొట్టడం మామూలైపోయాక, ఒకప్పుడు తెల్లగా కనిపించిన గెట్లు ఇప్పుడు మాడి ఉంటున్నాయి. ఇందులో రైతును తప్పుపట్టేదేమీ లేదు. కూలీలతో కలుపు తీయించే ఖర్చు భరించలేకే మందు కొడుతున్నారు, గునుగు వాళ్లకు నిజంగానే కలుపు. పువ్వు కావాల్సినవాళ్లు విత్తుకుని పెంచుకోవడమే సరైన పని.

ముందుగా మొక్క గురించి. గునుగు శాస్త్రీయ నామం సెలోషియా అర్జెంటియా. తోటకూర కుటుంబంలోది, ఏడాదిలోపే బతుకు ముగించే మొక్క. వానలకు మొలిచి, చలికాలానికి గింజ రాల్చి ఎండిపోతుంది. విత్తనాల దుకాణంలో సెలోషియా పేరుతో అమ్మే ప్యాకెట్లు కొనొద్దు. వాటిలో ఎర్రగా, పసుపుగా ఈకల్లా పూసే తోట రకాలో, సీతజడ రకాలో ఉంటాయి. అవీ అందమైనవే కానీ, కొన గులాబీగా, అడుగు వెండి తెలుపుగా ఉండే కంకి వాటిలో రాదు.

మడి లెక్క

పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పుతో రెండు మళ్లు. ఒకటి ఎర్ర చెల్క మట్టి, రెండోది నల్లరేగడి. వీటికి తోడు పది అంగుళాల కుండీలు నాలుగు. రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా సూటిగా ఎండ తగిలే చోటు. చెల్క మడిని మూడు పట్టీలు చేసి మూడు విడతలుగా విత్తాలని, రేగడి మడిని రెండో విడతతోపాటు ఒకేసారి విత్తాలని అనుకున్నాం.

చెల్క మడికి బాగా మాగిన పశువుల ఎరువు ఐదు కిలోలు. అంతే. మూడో పట్టీలో ఒక మూలన మాత్రం, తేడా చూడటానికి, వర్మీకంపోస్టు రెండింతలు వేసి, తర్వాత చిటికెడు యూరియా కూడా ఇచ్చాం. దాని ఫలితం కింద సెప్టెంబర్ వాన దగ్గర కనిపిస్తుంది. రేగడి మడిని చుట్టుపక్కల నేలకంటే ఆరు అంగుళాలు ఎత్తు చేసి, ఒకవైపు జానెడు లోతు కాలువ తీశాం. నల్లరేగడిలో గునుగు పెరగదని కాదు, పత్తి చేలల్లో నడుమెత్తు పెరిగేది ఆ నేలలోనే. నీళ్లు నిలిస్తే మాత్రం చెల్కలో మొక్కకంటే ముందు చస్తుంది.

మట్టి బయటి నుంచి తెచ్చుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. మక్క చేను నుంచి వచ్చిన మట్టిలో అట్రజిన్ మిగిలి ఉండొచ్చు. అది గింజను మొలవకుండా ఆపదు. మొలక బాగానే వస్తుంది, రెండు మూడు ఆకులు వేశాక ఆకు అంచులు పసుపెక్కి, మాడి, మొక్క పోతుంది. తెగులనుకుని మందులు కొడుతూ కూర్చుంటే లాభం ఉండదు. ఆ మట్టిని ఒక గిన్నెలో పోసి ఆవాలో, దోస గింజలో వేసి రెండు వారాలు చూస్తే చాలు. అవి అంచులు మాడకుండా నిలబడితే గునుగూ నిలబడుతుంది.

గింజ

గింజ 2023 నవంబర్‌లో గెట్ల మీద ఎండిన కంకుల నుంచి తీసింది. నల్లగా, నున్నగా మెరుస్తూ, మసూరు గింజలా రెండువైపులా ఉబ్బి, మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది. గ్రాముకు వెయ్యి గింజల దాకా తూగుతుంది. కోసిన వెంటనే విత్తితే మొలక సరిగా రాదు. ఒక ఎండాకాలం పొడిగా గడిపిన గింజ మిరుగం (మృగశిర కార్తె) నాటికి బాగా మొలుస్తుంది. అందుకే ఆ ఏటి గింజను ఆ ఏడే, చలికాలంలో విత్తే ప్రయత్నం వద్దు.

జూన్ మొదటి వారంలో మొలక పరీక్ష: తడిపిన పాత నూలు గుడ్డ మీద 50 గింజలు పరిచి, స్టీలు డబ్బాలో పెట్టి, మూత పూర్తిగా మూయకుండా వెలుతురు పడే కిటికీ దగ్గర ఉంచాం. నాలుగో రోజు తెల్లటి వేరు కనిపించింది, ఎనిమిదో రోజుకు 38 మొలిచాయి. సగానికి తక్కువ మొలిచే గింజైతే విత్తే మోతాదు రెట్టింపు చేసుకోవాలి. డబ్బాను చీకట్లో పెట్టి లెక్కపెడితే మొలక తక్కువగా కనిపించి, మంచి గింజను కూడా పారేసే ప్రమాదం ఉంది.

జూన్ 14, మిరుగం: మొదటి విడత

ఒక మంచి వాన పడి, నేల జానెడు లోతు తడిశాక విత్తాం. పట్టీకి అర గ్రాము గింజ చాలు, ఇంత చిన్న గింజను చేత్తో చల్లితే మాత్రం ఒకేచోట కుప్ప పడుతుంది. పది రెట్లు పొడి ఇసుక కలిపి, వేళ్ల సందున జారవిడుస్తూ అడుగు దూరం సాళ్లలో వేశాం. పైన మట్టి కప్పలేదు. చెక్క పలకతో మెల్లగా అదిమి, మెత్తని మట్టిని జల్లెడ పట్టి, గింజ కనపడీ కనపడనంత పలచగా రాల్చాం. రెండు మిల్లీమీటర్లు దాటకూడదు.

లోతు తేడా తేలడానికి ఒక చిన్న సాలులో అంగుళం లోతున వేశాం. ఆరో రోజున పైసాళ్లలో మొలకలు ఎర్రటి దారపు ముక్కల్లా లేచాయి. లోతు సాలులో రెండే రెండు కనిపించాయి. జూలైలో ఆ సాలు పక్కన కలుపు తీస్తూ మట్టి కదిపినప్పుడు అక్కడినుంచి గుంపుగా మొలకలు వచ్చాయి. ఇంత చిన్న గింజలో అంగుళం మట్టిని చీల్చుకుని రాగల తిండి ఉండదు, పైగా వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. చెలకలో గుంటుక తోలిన తర్వాతే గునుగు విరివిగా మొలవడానికీ ఇదే కారణం.

తడి ఇవ్వడం మరో మెలకువ. పైపుతో కొట్టినా, చెంబుతో పోసినా గింజ కొట్టుకుపోయి మడి అంచున చేరుతుంది. సన్నని రంధ్రాల పూలడబ్బాతోనే పోయాలి. చీమలు గింజ మోసుకుపోతుంటే మడి చుట్టూ పొడి బూడిద వరస పోస్తే కొంత ఆగుతాయి, తడిస్తే మళ్లీ పోయాలి.

జూన్ చివర, ఆరుద్ర: ఏది గునుగు, ఏది కలుపు

ఈ దశలో చాలామంది గునుగును పీకేసి కలుపును పెంచుతారు. మొలకలో పోలిక ఉన్న మూడు మొక్కలు అదే కుటుంబంలోవి. అడవి తోటకూర ఆకు కొన దగ్గర చిన్న నొక్కు ఉంటుంది, గునుగు ఆకు కొన సూదిగా ఉంటుంది. ఉత్తరేణి ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా వస్తాయి, తాకితే సన్నని నూగు తగులుతుంది. గునుగు ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, నున్నగా ఉంటాయి. చెంచలి కూర మొదట్లో గునుగులాగే ఉంటుంది. నాలుగు ఆకులకే అడుగున పక్క కొమ్మలు తీసి నేలమీదికి వాలడం మొదలుపెడితే అది చెంచలి. గునుగు కాండం నిటారుగా, సన్నని గీతలతో లేస్తుంది. అనుమానమున్న మొలకను ఆరో ఆకు దాకా వదిలేయడం మంచిది.

నారుకుళ్లు ఈ వారమే కనిపించింది. ఒత్తుగా పడ్డ రెండు చోట్ల మొలకలు నేలకు ఆనుకున్న చోట నీరుకారినట్టు మెత్తబడి, ఒరిగిపోయాయి. మొగులు పట్టి ఎండ లేకపోవడం, మొలకలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండటం, పైమట్టి ఆరకపోవడం కలిస్తేనే ఇది వస్తుంది. పచ్చి పేడ వేసిన మడిలో మరీ ఎక్కువ. ఒరిగినవాటిని మట్టితో సహా తీసేసి, చుట్టూ అంగుళంన్నర దూరానికి పలచన చేసి, రెండు రోజులు నీళ్లు ఆపితే మిగిలినవి నిలబడ్డాయి. అప్పటికీ ఆగకపోతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిచేలా పోయాలి. వచ్చే విడతలకు ముందు జాగ్రత్తగా పశువుల ఎరువులో కిలోకు 20 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మేలుచేసే బూజు) కలిపి, తడి గోనె కప్పి వారం పైన నీడలో ఉంచాం. ఆ ఎరువు వేసిన పట్టీల్లో నారుకుళ్లు రాలేదు.

పలచన చేసినప్పుడు తీసిన లేత మొక్కలు పారేయాల్సిన పని లేదు. గునుగాకు పప్పులో వేసుకునే ఆకే. మందు కొట్టని మడి అయితే నిశ్చింతగా వండుకోవచ్చు.

జూలై 3: రెండో విడత, నారు నాటిన కుండీలు

చెల్క మడి రెండో పట్టీ, రేగడి మడి మొత్తం ఒకే రోజు విత్తాం. పండుగకు దాదాపు మూడు నెలల ముందు. రేగడిలో వాన తర్వాత పైన పెచ్చు కట్టి మొలకను అణచిపెడుతుంది. అందుకే అక్కడ పైన రాల్చడానికి రేగడి మట్టి కాకుండా చెల్క మట్టి, ఇసుక సగం సగం వాడాం.

కుండీల్లోకి మొదటి విడత మొలకలను తరలించాం. గునుగుకు తల్లివేరు లోతుగా దిగుతుంది. నాలుగు నుంచి ఆరు ఆకుల మధ్య, వేరు చుట్టూ మట్టి ముద్ద చెదరకుండా, సాయంత్రం పూట నాటితే బతుకుతుంది. అప్పటికే జానెడు పెరిగిన రెండింటిని కూడా తేడా కోసం నాటాం. అవి చావలేదు, పెరగనూ లేదు. పది అంగుళాల ఎత్తుకే వేలెడు కంకి తీసి ఆగిపోయాయి. వేరు దెబ్బతిన్న ఏకవార్షిక మొక్క ఇక పెరగడం మానేసి, ఉన్న బలంతో గింజ పెట్టడానికి తొందరపడుతుంది. నర్సరీ ట్రేలో నెలల తరబడి ఉంచిన నారుకూ ఇదే గతి. వీలైనంతవరకు మడిలోనే నేరుగా విత్తాలని మా అభిప్రాయం.

జూలై 22, పుష్యమి: ముసురులో మూడో విడత

మూడో పట్టీ విత్తాం. ముసురు పట్టడంతో పైన తాటాకు పందిరిలా వాలుగా కప్పాల్సి వచ్చింది, లేకపోతే చినుకులకు గింజ చెదిరిపోయేది. మొలక కనిపించిన రోజే కప్పు తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు వెలుతురు కోసం సాగి, సన్నబడి, పడిపోతాయి.

మొదటి పట్టీ ఇప్పటికి మోకాలెత్తు దాటింది. దూరాల లెక్క ఇక్కడ ఖాయం చేసుకున్నాం. పట్టీలో సగం ఆరు అంగుళాలకు ఒక మొక్క, మిగతా సగం పన్నెండు అంగుళాలకు ఒకటి. ఒత్తుగా ఉన్నవి పక్క కొమ్మలు తగ్గించి నిటారుగా పెరిగాయి, ఒక పొడవాటి నడిమి కంకి, మూడో నాలుగో చిన్నవి. దూరంగా ఉన్నవి కింది నుంచే గుబురుగా కొమ్మలేశాయి, కంకులు ఎక్కువ, ఒక్కొక్కటి పొట్టి. బతుకమ్మకు కట్టలు కట్టి వరసలు పేర్చడానికి సమానమైన కాడ కావాలి కాబట్టి ఒత్తు మొక్కలే పనికొస్తాయి. పెరట్లో చూడముచ్చటగా ఉండాలంటే పన్నెండు అంగుళాలు. రెండూ కావాలంటే తొమ్మిది మధ్యేమార్గం, ఆ లెక్కన పదడుగుల సాలుకు పదమూడు మొక్కలు పడతాయి.

తల తుంచడం గురించి చాలామంది అడుగుతారు. అడుగెత్తులో చిగురు తుంచితే నాలుగైదు కొమ్మలు సమానంగా లేస్తాయి, పూత మాత్రం వారం పదిరోజులు వెనకబడుతుంది. కుండీల్లో తుంచాం, మళ్లలో తుంచలేదు. పండుగ ముందుగా వచ్చే ఏడాది తుంచడం పూర్తిగా మానుకోవడమే మంచిది.

ఆగస్టు, ఆశ్లేష నుంచి మఖ: పురుగు, పూత

ముసురు తర్వాత ఆకుగూడు పురుగు వచ్చింది. సన్నని ఆకుపచ్చ గొంగళి, ఆకును మడిచి దారంతో కుట్టుకుని లోపల ఉండి పచ్చదనం గీకి తింటుంది. ఆకు జల్లెడలా, పారదర్శకంగా కనిపిస్తుంది. పక్కనే తోటకూర మడి ఉంటే అక్కడినుంచే వస్తుంది, రెండింటికీ ఒకటే పురుగు. నలభై చదరపు అడుగుల మడికి మందు అక్కర్లేదు. పొద్దున్నే మడతపడ్డ ఆకును పురుగుతో సహా వేళ్లతో నలిపేస్తే వారంలో అదుపులోకి వస్తుంది. ఎక్కువైతే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిచేలా కొట్టాలి. కంకి తెరిచాక నూనె మందు కొట్టొద్దు. తెల్లటి రేకుల మీద మరకలు పడతాయి, చిన్న తేనెటీగలూ సీతాకోకచిలుకలూ దగ్గరికి రావడం మానేస్తాయి.

చిగురు దగ్గర పేనుబంక కనిపిస్తే అది చాలావరకు నత్రజని ఎక్కువైన గుర్తు. యూరియా ఇచ్చిన మూలలోనే చేరింది, మిగతా మడిలో లేదు.

నడిమధ్యాహ్నం ఆకులు వాలినంత మాత్రాన నీళ్లు పోయొద్దు. సాయంత్రానికి తేరుకుంటే వేరుకు తడి అందుతున్నట్టే. పొద్దున్న కూడా వాలి ఉంటే అప్పుడు నిండుగా ఒక తడి. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరు పైపైనే తిరిగి, గాలివానకు మొక్క కూలుతుంది.

మొదటి విడతలో తొలి కంకి ఆగస్టు 17న, విత్తిన 64 రోజులకు కనిపించింది. రెండో విడతలో ఆగస్టు 31న, 59 రోజులకు. మూడో విడతలో సెప్టెంబర్ 9న, అంటే 49 రోజులకే. ఆలస్యంగా విత్తినవి తొందరగా పూయడంలో వింతేమీ లేదు. గునుగు పగలు తగ్గేకొద్దీ పూతకు తొందరపడే మొక్క. వరంగల్ దగ్గర జూన్ చివర పగలు 13 గంటలకు కొంచెం పైన ఉంటే, సెప్టెంబర్ చివరికి 12 గంటలకు దిగుతుంది. జూలై చివర మొలిచిన మొక్కకు ఒళ్లు పెంచుకునే సమయం దొరకకముందే పూత పిలుపు వస్తుంది. ఫలితంగా మొదటి విడత నాలుగు అడుగులు పెరిగితే, మూడో విడత రెండడుగుల దగ్గరే ఆగింది. కంకి పొడవు మొదటి రెండింటిలో నాలుగు అంగుళాల దాకా, మూడోదాంట్లో రెండే.

సెప్టెంబర్ 1, పుబ్బ: కుంభవృష్టి

ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల మీద పడ్డ వాన తెలిసిందే. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది ఆ వానకే. అలాంటి వాన తర్వాత మడి ఎలా ఉందన్నది ఈ డైరీలో అన్నిటికంటే పనికొచ్చే భాగం.

చెల్క మడిలో నీళ్లు రెండు గంటల్లో ఇంకిపోయాయి. యూరియా మూల మాత్రం పూర్తిగా నేలపాలైంది. అక్కడి కాండాలు లావుగా, మెత్తగా, నీటితో నిండి ఉన్నాయి, మొదటి గాలికే వంగి విరిగాయి. బలం తక్కువ ఇచ్చిన పక్క మొక్కలు సన్నగా, గట్టిగా ఉండి వంగి మళ్లీ లేచాయి. చేలో రాళ్ల గెట్టు మీద ఎవరూ ఎరువు వేయని గునుగు నిటారుగా నిలబడటం ఇందుకే. దీనికి పెద్ద తిండి పెట్టకపోవడమే మేలు చేయడం.

మిగతావి పడకుండా కాపాడింది సుతిలి. జూలై చివరే మడి నాలుగు మూలలా, మధ్యలో రెండేసి వెదురు గూటాలు పాతి, నేలకు అడుగున్నర ఎత్తులో చుట్టూ ఒక వరస, అడ్డంగా రెండు వరసలు సుతిలి కట్టి ఉంచాం. మొక్కకు మొక్క విడిగా కట్టడం కంటే ఇదే నయం, కాండం కోసుకుపోదు, కంకి స్వేచ్ఛగా ఊగుతుంది. పడ్డాక లేపి కట్టిన మొక్కల కంకులు కొన దగ్గర వంకర తిరిగి వెలుతురు వైపు లేస్తాయి. అవి కట్టలోకి ఇమడవు.

రేగడి మడిలో కాలువ ఉన్నా ఒకటిన్నర రోజు నీళ్లు నిలిచే ఉన్నాయి. మూడో రోజు కింది ఆకులు పసుపెక్కాయి, తడి ఉండగానే మొక్కలు వాలాయి. ఇలాంటప్పుడు వాలాయి కదా అని నీళ్లు పోస్తే మిగిలినవీ పోతాయి. వేరుకు గాలి అందక వచ్చే వాడుదల ఇది. కాలువ ఇంకా లోతు చేసి నీరు పారించి, పైమట్టి ఆరగానే వేళ్లతో అంగుళం లోతు గీరి పెచ్చు పగలగొట్టాం. పూర్తిగా ఎండినవి వేర్లతో సహా పీకేశాం. మడిలో నాలుగో వంతు పోయింది. మిగిలినవి పది రోజులకు కొత్త చిగురు వేశాయి. రేగడి నేలలో ఆరు అంగుళాల ఎత్తు చాలదు, అడుగు ఎత్తు మడి కావాలి.

తడిసిన కంకుల్లో అప్పటికే తెరుచుకున్న అడుగు భాగం గోధుమ రంగుకు తిరిగింది. ఆ కంకులు కోసేశాం. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తూ పోతుంది కాబట్టి, లేత గులాబీ కొన ఉన్నవాటిని వదిలేస్తే పై భాగం శుభ్రంగానే వస్తుంది. అడుగు గోధుమ రంగు మాత్రం పోదు.

సెప్టెంబర్ చివర, హస్త: కోత

కోతకు సరైన గుర్తు ఇది: కంకిలో మూడింట రెండు వంతులు వెండి తెలుపు, కొనన గులాబీ ఇంకా మిగిలి ఉండాలి. ముందే కోస్తే కంకి చిన్నది, వంగిపోతుంది. ఆలస్యమైతే చేత్తో తాకగానే రేకులు రాలి నల్ల గింజలు పడతాయి. అక్టోబర్ 2 నాటికి మొదటి విడతలో నడిమి కంకులు ముదిరిపోయి, పక్క కంకులే పనికొచ్చాయి. రెండో విడత సరిగ్గా పాకంలో ఉంది. మూడో విడత పొట్టి కంకులు అక్టోబర్ 10న, చివరి రోజు సద్దుల బతుకమ్మకు పైవరసల్లో, ఇరుకు చోట పెట్టడానికి బాగా కుదిరాయి. అంటే ఎంగిలిపూలకు 90 రోజుల ముందు ఎక్కువ భాగం విత్తి, 70 రోజుల ముందు కొంచెం విత్తుకుంటే తొమ్మిది రోజులూ పువ్వు ఉంటుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు కాబట్టి మడికీ ఒక రోజు ఊపిరి.

మంచు ఆరాక, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, కత్తెరతో జానెడు కాడ ఉంచి కోయాలి. నడిమి కంకి కోస్తే పక్క కొమ్మలు వారంలో సాగుతాయి. తంగేడు కోసిన పూటకే వాడుతుంది, గునుగు రేకులు సహజంగానే కాగితంలా పొడిగా ఉంటాయి కాబట్టి మూడు నాలుగు రోజుల ముందు కోసిపెట్టినా చెడదు. నీడలో, తడి గోనె మీద, విడివిడిగా పరచాలి. ప్లాస్టిక్ సంచిలో కుక్కితే ఒక్క రాత్రికే వేడెక్కి బూజు వాసన వస్తుంది.

రంగు వేసేవాళ్లు ముందు కట్టకట్టి, కాడలు సమానంగా కోయాలి. రంగు పొడిని వేడినీళ్లలో పూర్తిగా కరిగించి చల్లారనిచ్చి, కట్టను తలకిందులుగా ముంచి, వెంటనే తీసి గట్టిగా విదిలించాలి. నానబెడితే రేకులు అతుక్కుపోయి కంకి పుల్లలా అవుతుంది. నీడలోనే ఆరబెట్టాలి. గులాబీ కొన మిగిలిన కంకి మీద పసుపు, ఆకుపచ్చ రంగులు మురికిగా తేలతాయి. వాటికి బాగా తెల్లబడ్డ కంకులే కావాలి. వరసకో రంగు వేసినా, మధ్యలో ఒక వరస రంగు వేయని తెల్ల గునుగు పెడితేనే మిగతా రంగులు విడిగా తెలుస్తాయి.

అక్టోబర్, నవంబర్: గింజ పట్టడం

రెండో విడతలో ఎత్తుగా, నిటారుగా, పురుగు పట్టకుండా ఉన్న పది మొక్కలకు ముందే ఎర్ర దారం కట్టి ఉంచాం. వాటి నడిమి కంకి కోయలేదు. గునుగు కాయ చిన్న డబ్బీలాంటిది, పండాక పై సగం మూతలా ఊడిపోయి గింజలు రాలతాయి. కంకి అడుగు భాగాన్ని అరచేతిలో నలిపినప్పుడు నల్ల గింజ రాలితే కోతకొచ్చినట్టు. ఎర్రగా, గోధుమగా ఉన్న గింజ ఇంకా పచ్చిది, అది మొలవదు. కంకిని కాగితపు సంచిలోకి తలకిందులుగా వంచి సంచిలోనే కోయాలి, లేకపోతే సగం గింజ నేలమీదే.

వారం నీడలో ఆరబెట్టి, నలిపి, టీ వడకట్టే జల్లెడతో రేకులు వేరుచేసి, చాటలో చెరిగాం. గింజ బరువు, పొట్టు తేలిక, మెల్లగా చెరిగితే శుభ్రంగా విడిపోతుంది. ఫ్యాను కింద చెరగొద్దు, గింజ ఇంటి నిండా పడుతుంది. పొడి గాజు సీసాలో, అడుగున బూడిద మూట పెట్టి, విత్తిన తేదీ, నేల రకం, కోసిన నెల రాసి చీకటి అలమారాలో ఉంచాం.

మిగతా మొక్కలను గింజ రాలకముందే పీకేయాలి. ఇది తప్పనిసరి. ఒక్క మొక్క వదిలేస్తే వేల గింజలు రాలుతాయి, అవి నేలలో ఏళ్లపాటు నిలవ ఉండి, మట్టి కదిపినప్పుడల్లా మొలుస్తాయి. పక్కింటి మిరప మడిలోనో, గోడ అవతలి పత్తి చేలోనో అది వాళ్లకు కూలి ఖర్చు. పీకిన మొక్కల్లో కంకులు విడిగా కత్తిరించి కాల్చేసి, మిగిలిన కాండం, ఆకులు మాత్రమే ఎరువు గుంతలో వేశాం. కంకులతో సహా గుంతలో వేస్తే వచ్చే ఏడు ఎరువు చల్లిన ప్రతిచోటా గునుగే.

2025లో పండుగ సెప్టెంబర్ 21న కాబట్టి, సీసా మీద రాసిన విత్తే తేదీలు: పెద్ద భాగం జూన్ 23 లోపు, మిగతాది జూలై 12 లోపు. 2026లో పెత్రమాస, అంటే ఎంగిలిపూల రోజు, అక్టోబర్ 10న పడుతుంది. ఆ ఏడు జూన్‌లో విత్తాల్సిన అవసరం లేదు, జూలై రెండో వారం మొదటి విడతకు, చివరి వారం రెండో విడతకు సరిపోతుంది.